పడమటి ముఖం కాళ్ళు

శ్రావణ పౌర్ణమి

ఇవాళ మా ఇంటిని లాగారు. నిలబడింది.

ఈ పుస్తకంలో గుండు లెక్కలు తప్ప ఇంకేమీ రాయకూడదని పంచాయతీవాళ్ళు చెప్పారు. కానీ రాసేది నేను, చదివేవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి రాస్తాను.

ముందు లెక్క: తూర్పుకి ఒకటిన్నర వేలి వెడల్పు. రెండు వేళ్ళు దాటి ఉంటే ఇల్లు పోయినట్టే. కాళ్ళపేటలో ఇల్లు కట్టాక ఎవరూ నేరుగా కాపురం పెట్టరు. ఊరంతా పడవలెక్కి, ఖాళీ ఇంటికి తాళ్ళు కట్టి, ఏరు తోసే వైపుకి, అంటే పడమటి నుంచి తూర్పుకి, ఒళ్ళు దాచుకోకుండా లాగుతారు. లోపల నడిదూలానికి దారంతో ఒక ఇనుప గుండు వేలాడుతూ ఉంటుంది. దాని కింద నేల మీద గీతలు కొట్టిన కర్ర ఉంటుంది. ఇల్లు ఎంత ఒరిగిందో గుండు చెబుతుంది. లాగుడుకి ఆగని ఇంటిని పలక పలకా విప్పేసి వరసలో తర్వాతివాళ్ళకి ఇస్తారు. ఇంటివాళ్ళు వెళ్ళి వరస చివర నిలబడాలి.

ఊళ్ళో గుండు చూసే పని నాది. సొంత ఇల్లు కనుక ఇవాళ నన్ను గడప దాటనివ్వలేదు. మా తోడికోడలు మంగాయమ్మక్క చూసింది. నేను పడవలో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. లాగినవాళ్ళకి భోజనం ఇంటివాళ్ళే పెట్టాలి. ముందే వాసన తగిలితే తాడు కాస్త మెత్తగా పడుతుందని ఊళ్ళో ఒక నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలేమీ లేవు, అయినా రొయ్యల ఇగురు మీద మూత తీసే ఉంచాను.

ఇంటిని మోసే కాళ్ళు దింపింది మా బావగారు తాతారావే. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చాక ఈ బురదలో ఇళ్ళు నిలబెట్టడం నేర్చిన కుటుంబం వాళ్ళది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన ఇంట్లోనే, మంగాయమ్మక్క వంటింట్లోనే ఉంటున్నాం. అక్క మంచిదే. కానీ ఆ వంటింట్లో ఉప్పుడబ్బా జరపాలన్నా అడగాలి. పిండి నేను రుబ్బాలి, అట్టు ఆవిడ పోయాలి. ఇన్నేళ్ళూ నా చేతికి అట్లకాడ దక్కలేదు. భాద్రపదం శూన్యమాసం, ఆశ్వయుజంలో మా ఆయన నూకరాజుకి వేట నుంచి తీరిక ఉండదు. కార్తీకంలో మంచిరోజు చూసి మా ఇంట్లో, నా పొయ్యి మీద, నేనే పాలు పొంగిస్తాను. ఇది రాస్తుంటే సిగ్గు లేకుండా నవ్వొస్తోంది.

శ్రావణ అమావాస్య

అమావాస్య పోటుకీ పౌర్ణమి పోటుకీ అన్ని ఇళ్ళూ తిరిగి గుండు చూడాలి. దక్షిణపు వరసలో మొదటి ఇంటావిడ కాఫీ ఇచ్చి, ఈ మధ్య తన పాలు రోజూ ఉత్తరం వైపుకే పొంగుతున్నాయని సంబరంగా చెప్పింది. ఉత్తరం కుబేరుడి దిక్కు కదా, ఇంకేం, కలిసొచ్చే కాలం అని నేనూ అన్నాను. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటాయన ఏకంగా కొత్త పడవకి బయానా ఇచ్చేశాడు.

ఒకే వరసలో అందరికీ కుబేరుడు ఒకేసారి కటాక్షించడం నాకు నచ్చలేదు. నాకు అసూయ ఎక్కువని మా ఆయన అంటాడు, నిజమే. మళ్ళీ మొదటి ఇంటికి వెళ్ళి గుండు కింద బోర్లా పడుకుని చూశాను. కర్ర మీద లెక్క సున్నా. తూర్పుకీ లేదు, పడమటికీ లేదు. కానీ గుండు కర్ర మీద లేదు, ఉత్తరం పక్కకి జరిగి ఉంది. కర్ర తూర్పు పడమరలుగా పరిచి ఉంటుంది కాబట్టి ఉత్తరం వైపు గీతలే లేవు. పుస్తకంలో దానికి గడీ కూడా లేదు. పక్కన ఖాళీలో రాశాను: ఉత్తరం వైపు, ఒక వేలు ఉండొచ్చు.

సాయంత్రం బావగారికి చెప్పాను. ఆయన వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే విన్నాడు.

"ఉత్తరానికి మన కాళ్ళు వంగవమ్మాయ్. పలకని అడ్డంగా వంచు, వంగుతుంది. నిలువుగా పెట్టి వంచమను, ఎవడి వల్లా కాదు. పడమటి తోపుకే నాకు భయం, అందుకే లాగుడు తూర్పుకి పెట్టాం."

ఆయన చెప్పింది తప్పు కాదు. ఇక్కడి ఇంటి కాళ్ళు గుండ్రంగా ఉండవు. ఏడాదికోసారి వచ్చి కాళ్ళూ పలకలూ పోసిచ్చే అచ్చు బల్లకట్టు మీద ఉన్నది ఒకే అచ్చు, పూర్వం కాలువ గట్లకి పలకలు పోసినది. దాంట్లోంచి వచ్చే కాలు మూరెడు వెడల్పు, బెత్తెడు మందం. ఆ వెడల్పు ముఖం ఏటికి ఎదురుగా, పడమటికి పెట్టి దింపడం మా ఊరి పద్ధతి. వరదకి ఎదురొమ్ము ఇచ్చి నిలబడాలి అంటారు. పద్ధతిని ఎవరూ ప్రశ్నించలేదు, ఎందుకంటే ఒక్క ఇల్లూ పడలేదు.

భాద్రపద సప్తమి

దక్షిణాన ఉన్న ఇసుకమేట తెగిందని మా ఆయన కబురు తెచ్చాడు. ఇన్నాళ్ళూ ఆ మేటే సముద్రానికీ మాకూ మధ్య గోడ. వానకాలం మొదట్లోనే గండి పడిందట. పోటు సమయంలో నీళ్ళు సూటిగా దక్షిణం నుంచి మన ఊరి కాళ్ళ మధ్యకి వస్తున్నాయని, పడవని నిలపడం కష్టంగా ఉందని అన్నాడు. చేపలు మాత్రం బాగా పడుతున్నాయట, అందుకని అందరూ సంతోషంగానే ఉన్నారు.

పాలు ఉత్తరానికి ఎందుకు పొంగుతున్నాయో నాకు అర్థమైంది. పంచాయతీలో చెప్పాను. బావగారు దింపిన కాళ్ళు కదా, చూద్దాంలే అన్నారు. మా ఊళ్ళో చూద్దాంలే అంటే ఆ విషయం అయిపోయినట్టే.

భాద్రపద బహుళ విదియ

పిండి రుబ్బాను. అక్క స్నానానికి వెళ్ళింది. నేను అట్లకాడ తీసుకుని గిన్నెలో నిలువునా గుచ్చి పక్కకి తోశాను. వెడల్పు ముఖంతో తోస్తే పిండి ఎదురు తిరిగింది. అట్లకాడ మెడ దగ్గర కొంచెం వంగింది గానీ పిండి దాన్ని కదలనివ్వలేదు. అదే అంచుతో తోస్తే అట్లకాడ వంగనే లేదు. చక్కగా, నిటారుగా, పిండిని కోసుకుంటూ వెళ్ళిపోయింది.

బావగారి మాటలోని చిక్కు అక్కడుంది. ఆయన కాలు వంగుతుందా లేదా అని చూస్తున్నాడు. వంగకపోతే గట్టిది అనుకుంటున్నాడు. కాలు ఎంత గట్టిదైతే ఏం, దాన్ని పట్టుకునేది బురద. అంచు ముందుకు పెడితే బురదకి పట్టుకోవడానికి చోటే లేదు. పడమటి నుంచి తోస్తే కాలు కాస్త వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. దక్షిణం నుంచి తోస్తే కాలు వంగదు, బురదని కోసుకుంటూ జరుగుతుంది, జరిగింది ఇక వెనక్కి రాదు.

ఇంకొకటి కూడా చూశాను. ఒక కొబ్బరి చిప్పముక్కని అట్లకాడకి అడ్డంగా, అంచు వైపు, దారంతో కట్టాను. అడుగు కొసన కడితే పెద్దగా తేడా లేదు. పైన, పిండి పైభాగంలో మునిగేలా కడితే అంచు వైపు కూడా పట్టింది. కాలు ఒరిగేటప్పుడు ఎక్కువగా కదిలేది పై భాగమే కనుక, పట్టూ అక్కడే కావాలి.

ఈలోగా అక్క తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. పిండిలో చిప్పముక్క, అట్లకాడ మెడకి దారం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పాల్సినవి చెప్పింది. వాటిని ఈ పుస్తకంలో రాయను. ఆవిడ తిడుతుంటే నేను వేరే సంగతి ఆలోచిస్తున్నాను. ఉత్తరం వైపుకి లాగి చూడాలంటే ఖాళీ ఇల్లు కావాలి. పిల్లాపాపలతో, సామానుతో ఉన్న ఇంటిని లాగకూడదని నియమం. ఊరు మొత్తం మీద ఇవాళ ఖాళీగా ఉన్న ఇల్లు ఒక్కటే.

ఆశ్వయుజ పాడ్యమి

నోరు మూసుకుని ఉండొచ్చు. ఇన్ని రోజులూ అదే చేశాను. గుండు లెక్కలు ఖాళీల్లో రాస్తున్నాను, అవి పెరుగుతున్నాయి. రోజూ సాయంత్రం మా ఇంటికి వెళ్ళి పొయ్యి అలికి వస్తున్నాను. దాని మీద ఇంకా అగ్గిపుల్ల కూడా గీయలేదు. కిటికీ పలక నూకరాజు నున్నగా చిత్రిక పట్టాడు, చెయ్యి పెడితే జారిపోతుంది. ఆ ఇల్లు నాకు ఎంత కావాలో రాయడానికి గుండు కర్ర మీద గీతలు చాలవు.

కార్తీకంలో తుఫానులు వస్తాయి. మేట లేదు.

ఇవాళ మా ఆయనతో చెప్పేశాను. చెరో తెడ్డూ వేసుకుంటూ ఇంటికి వస్తున్నాం. అంతా విన్నాడు. తెడ్డు ఎత్తి చూసుకున్నాడు, అంచు తిప్పి నీళ్ళలో పెట్టి లాగాడు. చప్పుడు లేకుండా జారింది. వెడల్పు తిప్పి లాగాడు, పడవ ముందుకు దూకింది.

"చిన్నప్పట్నుంచీ తెడ్డేస్తన్నాం కదే వరాలూ," అన్నాడు. "ఇంటికాళ్ళ గురించి ఒక్కడికీ తట్టలేదు."

"మనిల్లు పోతాది మావా."

ఆయన రేవు దాకా తెడ్డు వేస్తూనే ఉన్నాడు. పడవ కట్టేటప్పుడు, "లాగమను," అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన తాడు ముడి రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాడు.

ఆశ్వయుజ పంచమి

ఇంటివాళ్ళే అడిగితే లాగుడు మళ్ళీ పెట్టాలి. అదీ నియమమే, కానీ నెగ్గిన ఇంటిని మళ్ళీ లాగమన్న పిచ్చిది ఇంతవరకూ పుట్టలేదు. బావగారు ముఖం గంటుపెట్టుకున్నాడు. తన చేతి పనిని సొంత తమ్ముడి భార్యే నలుగుర్లో పెడుతోందని ఎవరితోనో అన్నాడట. నాతో అనలేదు, అందుకే ఎక్కువ బాధనిపించింది. భోజనం మళ్ళీ నేనే వండాను. ఈసారి గిన్నెల మీద మూతలు గట్టిగా పెట్టాను.

పడవలన్నీ ఉత్తరం వైపు చేరాయి. అటు నిలబడి లాగడం ఎవరికీ అలవాటు లేదు, ఒకరి తెడ్డు ఒకరికి తగిలింది, నవ్వుకున్నారు. లోపల గుండు కింద కర్రని ఉత్తర దక్షిణాలుగా తిప్పి పెట్టి అక్కే కూర్చుంది. తాళ్ళు బిగిశాయి. శ్రావణంలో లాగినంత బలం కూడా పెట్టలేదు. ఇల్లు కిర్రుమనలేదు, ఊగలేదు, మర్యాదగా, మెల్లగా ఉత్తరానికి ఒరిగింది. నవ్వులు ఆగిపోయాయి.

అక్క కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి నాలుగు వేళ్ళు చూపించింది. తాళ్ళు వదిలేశారు. అక్క చెయ్యి తీయలేదు. గుండు వెనక్కి రాలేదని అర్థం.

బావగారు పడవలోంచి నడుములోతు నీళ్ళలోకి దిగి, వంగి మా ఇంటి కాలు తడిమాడు. దక్షిణం వైపు కాలికీ బురదకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉందట. ఆ చెయ్యి అక్కడే పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. భోజనానికి ఎవరూ కూర్చోలేదు. ఇగురు అంతా ఇంటింటికీ పంచేశాను.

మా ఇల్లు పోయింది. నేనే పోగొట్టాను. 

ఆశ్వయుజ అష్టమి

 ఇవాళ పొద్దున్న బావగారు వంటింట్లోకి వచ్చి, మగవాళ్ళు ఎప్పుడూ కూర్చోని చోట పీట వేసుకుని, పిండిగిన్నె ముందు పెట్టుకున్నాడు. అక్క నోరు తెరిచింది, ఆయన ముఖం చూసి మూసుకుంది. ఆయన అట్లకాడని అటూ ఇటూ తోసి చూశాడు. నన్ను పిలిచి, ఆ చిప్పముక్క ఎక్కడ కట్టావని అడిగాడు. కట్టి చూపించాను.

"కొత్త కాళ్ళు అక్కర్లేదన్నమాట," అన్నాడు. "ఉన్నవాటికే రెక్కలు తొడగొచ్చు. పైన, మనిషిలోతు బురద వరకూ చాలు."

రెక్కలకి పలకలు కావాలి. అచ్చు బల్లకట్టు మళ్ళీ మాఘంలో గానీ రాదు. ఊళ్ళో ఉన్న కొత్త పలకలు మా ఇంటివే. పాత వలలూ నాచూ కలిపి నొక్కినవి, ఉప్పునీళ్ళలో చివకవు. పద్ధతి ప్రకారం అవి వరసలో తర్వాతివాళ్ళకి పోవాలి, వాళ్ళు ఊరికోసం వదులుకుంటామన్నారు. నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. బావగారు అడిగాడు.

"ఇస్తావామ్మా?"

నాకు కోపం వచ్చింది. పోయినదాన్ని మళ్ళీ ఇమ్మని అడగడమేమిటి? తీసుకోండి బావగారూ, కిటికీ పలక కూడా తీసుకోండి, దానికి చిత్రిక బాగా కుదిరింది అన్నాను. మాట కాస్త పుల్లగానే వచ్చింది. ఆయన ఏమీ అనుకోలేదు.

ఆశ్వయుజ అమావాస్య

రెక్కల పని చివరికి వచ్చింది. పాటు సమయంలో నీళ్ళు తగ్గగానే దిగుతారు. గొట్టంతో నీళ్ళు కొట్టి కాలి పక్కన బురద కరిగిస్తారు, పలకని కాలికి అడ్డంగా, దక్షిణానికి ముఖం పెట్టి దింపుతారు, పట్టీలు బిగిస్తారు. కదిలించిన బురద మళ్ళీ బిగుసుకోవడానికి ఒక పక్షమైనా పడుతుందని బావగారు తొందరపెడుతున్నాడు. దక్షిణపు వరస ముందు చేశారు. మాది, అంటే బావగారిది, ఆఖరున.

మా ఇంటి గోడలు ఊరంతా పడవల్లో తిరుగుతున్నాయి. నేల పలకలు ఎవరింటికి వెళ్ళాయో, తలుపు ఎవరింటి కింద దిగిందో నేను చూడదలుచుకోలేదు. గుండు చూసే పని మాత్రం మానలేదు. ప్రతి ఇంట్లోనూ కర్ర తీసేసి, దాని చోట రెండు కర్రలు అడ్డంగా, నిలువుగా పెట్టాను. పుస్తకంలో కొత్త గడి గీశాను.

కార్తీక శుద్ధ ద్వాదశి

నిన్న తుఫాను తెల్లారాక మొదలై మధ్యాహ్నం వరకూ కొట్టింది. గాలీ సముద్రమూ రెండూ దక్షిణం నుంచే. ఇంటి కింద నీళ్ళు తగిలినప్పుడల్లా గిన్నెలు గలగలమన్నాయి. మేం నలుగురం వంటింట్లో గుండు చుట్టూ కూర్చున్నాం. కూర్చుని చేయగలిగిందేమీ లేదు, కళ్ళు మాత్రం దాని మీదే ఉన్నాయి. ఒక వేలు జరిగింది, తిరిగి వచ్చింది. ఒకటిన్నర జరిగింది, అక్క నా మోకాలు పట్టుకుంది, తిరిగి వచ్చింది. రెండు వేళ్ళ గీత మీద ఒకసారి ఆగింది. అప్పుడు బావగారు పెదాలు కదపడం చూశాను, మొక్కుకుంటున్నాడో కాళ్ళతో మాట్లాడుతున్నాడో తెలియదు. గుండు మళ్ళీ నడిమికి వచ్చింది.

గాలి తగ్గాక పడవ వేసుకుని అన్ని ఇళ్ళూ తిరిగాను. ఒక్కటీ పోలేదు. ఒకరిద్దరి అటకలు జారాయి, ఒకాయన కోళ్ళు కొట్టుకుపోయాయి. మా స్థలంలో రెక్కలు తొడగని కాళ్ళు మాత్రం అలాగే వదిలేశారు కదా, అవన్నీ ఉత్తరానికి పడుకున్నాయి. నేను నోరు మూసుకుని ఉంటే ఆ కాళ్ళ మీద మా ఇల్లు ఉండేది. దక్షిణపు వరసవాళ్ళూ వాళ్ళ పాత కాళ్ళ మీదే ఉండేవాళ్ళు. పడవ ఆపి కాసేపు చూశాను. 

కార్తీక పౌర్ణమి

ఇది మేం గృహప్రవేశం అనుకున్న రోజు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వరసలో మా పేరు చివరికి వెళ్ళింది, బావగారు మేస్త్రి అయినా నియమం నియమమే, నేనూ అడగలేదు. పొద్దున్నే పిండి రుబ్బి పెట్టాను. బావగారు రేవుకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. అక్కతో మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు.

"ఈ వంటింటి కింద నాలుగు కాళ్ళున్నాయి. నాలుగింటికీ వరాలు వంటింటి పలకలే ఏశాను. ఏరే పలకలు రానివ్వలేదు. ఆ నున్నటి కిటికీ పలక పొయ్యి కిందకాలికి ఉంది."

చెప్పేసి వెళ్ళిపోయాడు.  అక్క కాసేపు అటూ ఇటూ తిరిగింది, ఉప్పుడబ్బా జరిపింది, మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. తర్వాత పొయ్యి ముందు నుంచి పీట తీసి పక్కకి వేసుకుంది. కొత్తగిన్నెలో పాలు పోసి నా చేతికిచ్చింది.

"అయితే ఇది నీ వంటిల్లేనే," అంది. "పొంగించు."

మా ఆయన గుమ్మం బయట నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. పొయ్యి వెలిగించాను. పాలు పైకి లేచాయి. ఏ దిక్కుకి పొంగుతాయోనని ముగ్గురం మెడలు సాచి చూశాం. గిన్నె చుట్టూ అన్ని వైపులా ఒకేసారి పొంగాయి. అక్క గబుక్కున గుండు వైపు చూసింది, నేనూ చూశాను. తర్వాత ఆవిడ అట్లకాడ తీసి నాకిచ్చి పీట మీద కూర్చుంది.

గుండు లెక్క: తూర్పు సున్నా. ఉత్తరం సున్నా. మొదటి అట్టు మాడింది.